అచ్చు వంట పుస్తకం ఇంకా ఎందుకు కొనాలి, కొంటే ఎలా ఎంచుకోవాలి

పెళ్ళయి పుణెలో కాపురం పెట్టబోతున్న అమ్మాయికి ఒక వంట పుస్తకం కొనిద్దామనుకుంటే, ఏ కూర కావాలన్నా ఫోనులో క్షణంలో దొరికే రోజుల్లో పుస్తకం దండగని ఇంట్లోవాళ్ళు అంటున్నారనీ, అందులో నిజమెంతో చెప్పమనీ, ఒకవేళ కొనదగ్గదే అయితే మంచి పుస్తకాన్ని ఎలా గుర్తుపట్టాలో కూడా చెప్పమనీ మీరు అడిగారు. నేను చాలా కాలం ఒక వారపత్రికలో వంటల పేజీ చూశాను, ఆ తరువాత వంట పుస్తకాల రాతప్రతులు సరిచూసి ప్రూఫులు దిద్దే పనిలో ఉన్నాను. పుస్తకాల మీద నాకు మమకారం ఉండడం సహజమే గాని, మీ ఇంట్లోవాళ్ళ మాటను కొట్టిపారేయడం నా ఉద్దేశం కాదు. ఈ పూటకు ఒక్క వంటకం కావలసినవారికి ఫోను చాలు. వంట నేర్చుకోవలసినవారికి మాత్రం అది చాలదని నా అభిప్రాయం. మీరు రాసినదాన్నిబట్టి మీ అమ్మాయికి అన్నం, పప్పు వరకు వచ్చు, మిగిలినది నేర్చుకోవాలి.

తేడా ఎక్కడుందో మూడు రోజుల వంటలో తెలిసిపోతుంది. సోమవారం ఒక ఛానెల్ చూసి బెండకాయ పులుసు, మంగళవారం ఇంకో ఛానెల్ చూసి పప్పుచారు, బుధవారం మరెవరో రాసినది చదివి పులిహోర చేశారనుకోండి. మూడింటిలోనూ నిమ్మకాయంత చింతపండు అనే ఉంటుంది. మొదటివారిది ఆ ఏటి కొత్త చింతపండు, రెండవవారిది నిలవ ఉండి నల్లబడినది, మూడవవారు సీసాలో అమ్మే గుజ్జు వాడి, చూసేవారి సౌకర్యం కోసం నిమ్మకాయంత అని చెప్పారు. కారమూ అంతే. ఒకరిది గుంటూరు మిరపకాయలు ఎండబెట్టి మరపట్టించిన కారం, మరొకరిది రంగు కోసం బ్యాడిగి కాయలు కలిపిన ప్యాకెట్టు కారం. ఒకరి కప్పు 240 మిల్లీలీటర్ల కొలత కప్పు అయితే, మరొకరిది ఇంట్లో టీ తాగే కప్పు. పులుసు గొంతులో దిగనంత పుల్లగా వచ్చినప్పుడు తప్పు చింతపండుదో, కప్పుదో, తనదో ఆ అమ్మాయికి అంతుపట్టదు. అంతుపట్టదు కనుక మరుసటిసారి ఇంకో ఛానెల్ వెతుకుతుంది, మళ్ళీ మొదటికే వస్తుంది.

ఒకే మనిషి తన వంటింట్లో, తన గిన్నెతో, తన పొయ్యి మీద వండి రాసిన పుస్తకంలో ఈ చిక్కు ఉండదు. ఆ పుస్తకం చూసి నాలుగైదు వంటలు చేసేసరికి ఆ రచయిత్రి చేయి ఎటువంటిదో తెలిసిపోతుంది: కారం ఘాటుగా వేసే మనిషి, ఉప్పు దగ్గర జాగ్రత్త, పోపులో నూనెకు వెనుకాడదు అని. అప్పుడు ఆమె చెప్పిన కారంలో ముప్పాతిక వంతు వేసుకుంటే తనకు సరిపోతుందని మీ అమ్మాయి ఒకసారి గ్రహిస్తే, ఆ సవరణ ఆ పుస్తకంలోని మిగతా వంటలన్నింటికీ పనికివస్తుంది. మా తరం ఆడపిల్లలు అత్తగారి దగ్గరో, పెద్దమ్మ దగ్గరో నిలబడి నేర్చుకున్నదీ ఇలాగే. ఆవిడ చేతి లెక్క అర్థమయ్యాక ఆవిడ వండని కూర కూడా ఆవిడ వండినట్టు వండగలిగేవారు. వంద ఛానెళ్ళ నుంచి వంద వంటలు చేసినా ఈ లెక్క పట్టుబడకపోవడానికి కారణం ఛానెళ్ళవాళ్ళకు వంట రాకపోవడం కాదు, వాళ్ళు వందమంది కావడం. ఒకే ఛానెల్‌ను నమ్ముకుని ఏడాదిపాటు అదే చూసి వండితే ఫోనుతోనూ ఇది సాధ్యమే. కాని ఫోను అలా ఉండనిస్తుందా? ఒక వీడియో పూర్తికాకముందే పక్కన ఇంకో పదింటిని చూపిస్తుంది.

వంట పుస్తకాలు అసలు ఎవరి కోసం పుట్టాయో చూస్తే ఈ విషయం ఇంకా స్పష్టపడుతుంది. మన ప్రాంతాల్లో వంట గురించి రాయడం కొత్తదేమీ కాదు. 12వ శతాబ్దంలో కళ్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడి పేర వెలసిన మానసోల్లాసంలో, మినప్పిండితో చేసే, మన ఇడ్లీకి పూర్వరూపమనదగిన వంటకం కూడా కనబడుతుంది. కాని అది రాజభోగాల వర్ణన. వండవలసినవాళ్ళు చేయి తిరిగిన వంటవాళ్ళు కనుక వాళ్ళకు కొలతలు చెప్పవలసిన అవసరం లేకపోయింది. కొలతల పుస్తకం అవసరమైనది పక్కన చెప్పేవాళ్ళు లేని మనిషికి. ఉద్యోగాల కోసం కుటుంబాలు ఊళ్ళు విడిచి మద్రాసు, బొంబాయి, ఢిల్లీ చేరి, కొత్త కోడలు అత్తగారు లేని వంటింట్లో ఒంటరిగా నిలబడిన కాలంలో ఈ పుస్తకాలకు గిరాకీ పెరిగింది. తమిళంలో మీనాక్షి అమ్మాళ్ ‘సమైత్తుప్పార్’ 1951లో వచ్చింది. బంధువుల ఇళ్ళ పిల్లలు పదేపదే అడుగుతుంటే రాసిపెట్టినవే ఆ పుస్తకానికి మూలం. మరాఠీలో కమలాబాయి ఓగలే ‘రుచిర’ 1970లో వచ్చి, ఇంట్లో ఉండే ‘వాటీ’ అనే చిన్న గిన్నె, చెంచా కొలతలతోనే ఇంటింటికీ చేరింది. మన తెలుగులో మాలతీ చందూర్ గారి ‘వంటలు-పిండివంటలు’ ఎన్ని ముద్రణలు పొందిందో పాత పుస్తకాల దుకాణాల వాళ్ళను అడిగితే చెబుతారు. ఆవిడ నవలా రచయిత్రి, ‘హృదయనేత్రి’కి 1992లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. కాని వంట పుస్తకం విషయంలో ఆవిడకు కలిసివచ్చిన అర్హత వేరొకటి ఉందని నేననుకుంటాను. ఆంధ్రప్రభ వారపత్రికలో ‘ప్రమదావనం’ శీర్షికలో దశాబ్దాల తరబడి పాఠకుల ప్రశ్నలకు జవాబులిచ్చిన మనిషి ఆవిడ. ఏం తెలియక ఎదుటివాళ్ళు తడబడతారో తెలిసినవారు రాసిన పుస్తకానికీ, తమకు తెలిసినదంతా కుమ్మరించినవారి పుస్తకానికీ చాలా తేడా ఉంటుంది.

పుణెకు వెళ్ళే మీ అమ్మాయి పరిస్థితి ఆ కోడళ్ళ పరిస్థితే. వాళ్ళ చేతిలో ఫోను లేదు, ఈమె చేతిలో ఉంది, అంతే.

ఇక కొలతల సంగతి. పుస్తకం విలువైనా, దాని లోపమైనా బయటపడేది ఇక్కడే కనుక కొంచెం విస్తరించి చెబుతాను. ‘ఉప్పు తగినంత’ అన్న మాటను అందరూ ఎగతాళి చేస్తారు గాని, వంకాయ కూరలో అది తప్పు కాదు. కూర ఉడుకుతుండగా రుచి చూసి వేసుకోవచ్చు, తక్కువైతే విస్తట్లో కూడా కలుపుకోవచ్చు. ఆవకాయలో ఆ మాట రాసిన పుస్తకాన్ని మాత్రం అక్కడే మూసి అరలో పెట్టేయండి. ఊరగాయలో ఉప్పు రుచికోసం మాత్రమే ఉండదు, నిలవ కోసం ఉంటుంది. తక్కువైతే వానలు పడేసరికి జాడీలో బూజు కడుతుంది. అందులోనూ ఏ ఉప్పు అన్నది చెప్పాలి. ఒక గిన్నెడు కళ్ళుప్పు కంటే అదే గిన్నెడు మెత్తని ఉప్పు బాగా ఎక్కువ తూగుతుంది, ఎందుకంటే కళ్ళ మధ్య ఖాళీ ఉంటుంది. కళ్ళుప్పు దంచి కొలిచిన కాలపు లెక్కను ప్యాకెట్టు ఉప్పుతో పాటిస్తే కాయ ఉప్పుకషాయమవుతుంది, దంచకుండా కళ్ళతోనే కొలిస్తే చాలదు. మామిడి ముక్కలదీ అదే తంతు: పెద్ద ముక్కలు కొడితే గిన్నెలో సందులు ఎక్కువై తక్కువ పడతాయి, చిన్న ముక్కలైతే ఎక్కువ పడతాయి, కనుక నాలుగు గిన్నెల ముక్కలకు గిన్నెడు కారం అన్న లెక్క ముక్క పరిమాణం చెప్పకుండా సగం లెక్కే. ఆవాలు ఎండలో పెట్టి ఇంట్లో కొట్టిన పిండి గుల్లగా ఉంటుంది, దుకాణంలో కొన్నది అణిగి ఉంటుంది. మంచి పుస్తకం ముక్కలను కూడా తూకంలో చెబుతుంది, లేదా ముక్క ఎంత ఉండాలో, జీడి తీసి లోపలి పొర తుడిచాక కొలవాలో, ముందే కొలవాలో రాస్తుంది. మూడోరోజు తిరగకలిపి, ఉప్పు చూసి, నూనె పైకి తేలేదాకా పోయమని చెప్పడం మరచిపోదు. నేను చూసిన వీడియోల్లో చాలావరకు కలిపిన రోజుతోనే ముగుస్తాయి. మూడోరోజు వాళ్ళకు ఇంకో వీడియో పని ఉంటుంది మరి.

పాత ముద్రణలు చూసి వండేవారికి ఇంకొక ఇబ్బంది ఉంది. మన దేశంలో మెట్రిక్ తూనికలు 1958లో మొదలై, 1962 నాటికి తప్పనిసరి అయ్యాయి. అంతకు ముందు రాసినవాటిలో, ఆ తరువాత కూడా అలవాటుకొద్దీ రాసినవాటిలో, వీశెలు, తులాలు, సోలలు, గిద్దలు కనిపిస్తాయి. వీశె అంటే 120 తులాలు, అంటే సుమారు 1.4 కిలోలు, దాన్ని కిలో అనుకుని బెల్లం వేస్తే అరిసె పాకం చెడుతుంది. సోలకు నాలుగు గిద్దలు, తవ్వకు రెండు సోలలు అన్నది అందరికీ తెలిసినదే గాని, ఒక్కో ఇంటి సోల ఒక్కో తీరుగా ఉండేది. ఇటువంటి పాత పుస్తకాల స్కాన్లు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా చదువుకోవచ్చు, అవి చదవడానికి మహా రుచిగా ఉంటాయి, కాని కొత్తగా వండేవారి చేతికి నేరుగా ఇవ్వదగ్గవి కావు.

అచ్చులో ఉన్నదల్లా పరీక్షించి వేసినదేనని కూడా అనుకోకండి. ప్రూఫులు దిద్దినదాన్ని కనుక చెబుతున్నాను, వంట పుస్తకాల్లో అతి ప్రమాదకరమైన అచ్చుతప్పు ఒక్క గుణింతంలో ఉంటుంది. స్థలం కలిసివస్తుందని టీస్పూనును ‘టీ.స్పూ.’ అనీ, టేబుల్‌స్పూనును ‘టే.స్పూ.’ అనీ కుదించి వేస్తారు. టీస్పూను 5 మిల్లీలీటర్లు, టేబుల్‌స్పూను 15. గుడిదీర్ఘం స్థానంలో ఏత్వం పడితే ఉప్పు మూడింతలవుతుంది, చదివే ప్రూఫ్ రీడరుకు రెండూ సరైన మాటల్లాగే కనిపిస్తాయి. ఇంకొక జాడ్యం ఏమిటంటే, పదార్థాల పట్టికలో పచ్చికొబ్బరి ఉంటుంది, చేసే పద్ధతిలో ఎక్కడా దాని ప్రస్తావన ఉండదు. అంటే రెండు చోట్ల నుంచి తెచ్చి అతికించారన్న మాట. ఈ మధ్య యంత్రం చేత రాయించి, ఎవరూ వండి చూడకుండానే అచ్చువేసి ఆన్‌లైన్‌లో అమ్మేస్తున్న వంట పుస్తకాలు కూడా వస్తున్నాయి. అటువంటి పుస్తకం కొనడం కంటే మీ ఇంట్లోవాళ్ళు చెప్పినట్టు ఫోను చూసుకోవడమే నయం. వీడియో కింద కనీసం ‘మీరు చెప్పినట్టు చేస్తే ఉప్పు ఎక్కువైంది’ అని ఎవరో ఒకరు రాస్తారు. అచ్చయిన తప్పును అలా పట్టించేవారు ఉండరు, మరుముద్రణ దాకా అది అలాగే ఉంటుంది.

ఫోనుకు నిజంగా చెందవలసిన గౌరవం ఇంకా ఉంది. కంటితో చూస్తే తప్ప తెలియని పనులు కొన్ని ఉంటాయి. అరిసెలకు పాకం ఉండపాకం కావాలనీ, పళ్ళెంలో నీళ్ళు పోసి చుక్క వేస్తే చెదరకుండా మెత్తని ఉండ కట్టాలనీ పుస్తకం ఎంత బాగా రాసినా, ఆ ఉండ వేళ్ళ మధ్య ఎలా నలగాలో ఒక్కసారి చూస్తే తెలిసేది వేరు. సంక్రాంతికి తెలంగాణ ఇళ్ళల్లో గుడ్డ పరచి, నువ్వులు, వాము కలిపిన బియ్యప్పిండిని వేళ్ళతో మెలిపెడుతూ చుట్టలుగా చుట్టే సకినాలను ఏ వాక్యమూ నేర్పలేదు. కొలత అన్నదే లేకుండా, పొలం గట్టున కట్టెలపొయ్యి మీద వండిన మస్తానమ్మ గారి వంటను ‘కంట్రీ ఫుడ్స్’ ఛానెల్‌లో లక్షలమంది చూశారు. ఆవిడ 2018 డిసెంబరులో పోయారు. ఆ చేతి వాటం పుస్తకంలో పట్టేది కాదు, అది వీడియోగా మిగలడం మన అదృష్టం.

అంతకంటే ముఖ్యమైన సంగతి, తెలుగులో వచ్చిన వంట పుస్తకాల్లో చాలాకాలం పాటు కనిపించినవి ఎక్కువగా కోస్తా జిల్లాల, అందులోనూ శాకాహార ఇళ్ళ వంటలు. సర్వపిండి, పచ్చిపులుసు, రాగిసంగటి, బోటి కూర వంటివి అచ్చులోకి ఆలస్యంగా, అరకొరగా వచ్చాయి. హైదరాబాదు వంటకు మాత్రం ఇంగ్లీషులో మంచి పుస్తకాలు వచ్చాయి. ప్రతిభా కరణ్ గారిది 1998లో, ఆంధ్ర, తెలంగాణ వంటలను కూడా కలుపుకుని బిల్కీస్ లతీఫ్ గారిది 1999లో. ఇళ్ళల్లో ఉన్న మిగతా వంటను మొదట ప్రపంచానికి చూపించింది ఊళ్ళ నుంచి ఫోనుతో వీడియోలు తీసిన మనుషులే. ఈ లోటు మనకొక్కరికే కాదు. మరాఠీలో మరాఠ్వాడా దళితుల ఆహారం గురించి శాహూ పాటోళే రాసిన పుస్తకం 2015లో గాని రాలేదు. తెలుగులో అటువంటి పుస్తకానికి ఇంకా చోటుందని ప్రచురణకర్తలతో చాలాసార్లు అన్నాను, వాళ్ళు మాత్రం మైక్రోవేవ్ వంటలు అడిగేవారు.

అందువల్ల మీరు పుస్తకం కొనేటప్పుడు రంగుల బొమ్మలు చూడకండి. బొమ్మ బాగుండడం ఫోటోగ్రాఫరు పనితనం. దుకాణంలో నిలబడే మొదటి పేజీల్లో కప్పు ఎంత, చెంచా ఎంత, ఎంతమందికి సరిపోతుంది అన్నది రాశారో లేదో చూడండి. మీకు కళ్ళు మూసుకుని చేయగలిగినంత బాగా వచ్చిన ఒక వంటను, పులిహోరనే అనుకోండి, తీసి చదవండి. అన్నం పొడిపొడిగా వండి ఆరబెట్టాక పులుసు కలపాలని చెప్పారా, చింతపండు గుజ్జు నూనె తేలేదాకా ఉడకాలని చెప్పారా, ఇంగువ ఎప్పుడు వేయాలో చెప్పారా అన్నది చూస్తే, రాసిన మనిషి పొయ్యి దగ్గర నిలబడిందో లేదో మీకు ఇట్టే తెలుస్తుంది. ‘పది నిమిషాలు వేయించాలి’ అని మాత్రమే ఉంటే అది సగం సమాచారం. ‘వాసన వచ్చేదాకా, రంగు మారేదాకా’ అని కూడా ఉంటే ఆ రచయిత్రి మీ పొయ్యి వేరని గుర్తుపెట్టుకుందన్న మాట. చివర అకారాది సూచిక ఉంటే ఇంకా మంచిది, తెలుగు పుస్తకాల్లో అది అరుదు. వెయ్యిన్నూట పదహారు వంటలని అట్ట మీద వేసిన పుస్తకం కంటే నూట యాభై వంటలున్న పుస్తకం మేలు. ఇద్దరు మనుషుల కాపురానికి ఏడాది పొడుగునా నిజంగా తిరిగి తిరిగి వండుకునేవి అంతకంటే తక్కువే ఉంటాయి. కుక్కరు కొన్నప్పుడు దాంతో పాటు వచ్చే చిన్న పుస్తకాన్ని పారేయవద్దని కూడా చెప్పండి. పప్పుకు, శనగలకు, మాంసానికి ఎంత నీరు, ఎన్ని నిమిషాలు అన్నది అందులో ఉన్నంత పద్ధతిగా చాలా పెద్ద పుస్తకాల్లో ఉండదు.

కొన్న పుస్తకాన్ని శుభ్రంగా దాచుకోవద్దని నా సలహా. వండిన ప్రతిసారీ పక్క అంచులో పెన్సిలుతో రాయాలి: కారం తగ్గించాను, ఈ సోనా మసూరికి నీళ్ళు ఇంకో అరకప్పు పట్టాయి, పుణె చలికి ఇడ్లీపిండి పొద్దుటికి పొంగలేదు, ఇంకాస్త వెచ్చని చోట పెట్టాలి అని. పాత పుస్తకాలు మన ఊళ్ళ ఉక్కపోతను దృష్టిలో పెట్టుకుని ‘రాత్రి రుబ్బి ఉంచితే ఉదయానికి పొంగుతుంది’ అని రాసేస్తాయి. వేరే వాతావరణంలో ఉన్నవారికి ఫోను నిజంగా ఉపయోగపడేది ఇటువంటి చోట, అక్కడే ఉండే మన తెలుగువాళ్ళు ఏం చేస్తున్నారో వెతకడానికి. అక్కడ తెలిసినదాన్ని కూడా పుస్తకం అంచులోకే ఎక్కించాలి. ఫోనులో దాచుకున్న లింకు ఛానెల్ మూతపడితే పోతుంది, మూతపడకపోయినా వందల లింకుల మధ్య మళ్ళీ దొరకదు.

చివరగా ఒక పని మీరు చేయవలసినది ఉంది. మీ ఇంటి ఆవకాయ, చారుపొడి, కందిపొడి ఏ పుస్తకంలోనూ ఉండవు. మీ అమ్మాయి బయలుదేరే లోపల వంటింటి తూకం ఒకటి తెప్పించి, మీరు చేతి అంచనాతో వేసే ప్రతిదాన్నీ ముందు దాని మీద పెట్టి గ్రాముల్లో పుస్తకం వెనక ఉన్న ఖాళీ కాగితాల మీద రాసివ్వండి. మీరు వాడే గిద్దలో నీళ్ళు పోసి, ఎన్ని మిల్లీలీటర్లు పడుతుందో కొలిచి, ఆ అంకెను అన్నింటికంటే పైన వేయండి.